మైక్‌సెట్టోడికి వినపడే దమ్ము

(నెల్లూరులో ఒక గ్రంథాలయం హాల్లో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ఎనకాల కూర్చున్నోళ్ళకి వినపడతా ఉందా? వినపడకపోతే చెయ్యెత్తండి. సరే. ఈ ప్రశ్న నేను ముప్పై ఏళ్ళుగా అడగతానే ఉండా. కాకపోతే అడిగినాక మైకు ఇంకొకరి చేతిలో పెట్టి పక్కకి పోవడం అలవాటు. ఈ పొద్దు ఇచ్చేదానికి ఎవరూ లేరు. చేతులు వణకతన్నాయి, చూశారా? ఇన్నేళ్ళు మైకులు మోసినోడికి మైకంటే భయమేంది అనుకుంటారు. మోయడం వేరబ్బా, మాట్లాడడం వేరు.

నాది కందుకూరు. మైక్‌సెట్టు పని. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినారు. నాకు రెండు జిల్లాల్లోనూ రావలసిన బాకీలుండాయి, కాబట్టి పెద్ద తేడా తెలీలేదు. పెళ్ళిళ్ళు, తిరణాళ్ళు, పద్య నాటకాలు, రాజకీయ సభలు, కర్మంతరాలు, అన్నిటికీ పోతా. సభల డబ్బులు మాత్రం రావు. ఏ పార్టీ అని అడగబాకండి.

గ్రంథాలయం సారు ఫోన్ చేసి, నీకిష్టమైన సంగతి ఏదన్నా ఒక గంట మాట్లాడు అన్నారు. పద్య నాటకాల గురించి చెప్తాననుకోనుంటారు. నేను ర్యాప్ గురించి, అదే, డ్రమ్ము తాళానికి మాటలు చెప్పే పాట గురించి చెప్తానన్నా. అవతల కాసేపు చప్పుడు లేదు. లైన్ కట్టయిందేమో అని హలో హలో అన్నా. అప్పుడు అన్నారు, "తిక్కన సోమయాజి ఊళ్ళో ర్యాప్ గురించా నాయనా?" అని. అవును సార్. తిక్కన గారికి కూడా నోటితో చెప్తే రాసుకునే మనిషి పక్కనుండాడని కథ చెప్పుకుంటారు కదా. నోటితో చెప్పడమే కదా ఇదీ.

ముందు ఒక మాట చెప్తా, మిగిలిందంతా దాని చుట్టూతా తిరుగుద్ది. నాటకాలోళ్ళు దమ్ము అంటారు. "వాడికి దమ్ముందిరా" అంటే ధైర్యం అని మీరనుకుంటారు. నాటకాలోళ్ళకి అది ఊపిరి. పద్యం పాడి, చివరన రాగం తీసి, తీసి, ఇంగ అయిపోయిందిరా అనుకున్న కాడ ఇంకో మలుపు తిప్పి కిందకి దించుతాడు చూడండి, దానికి కావాల్సింది దమ్ము. మీరు కింద కూర్చొని పద్యం వింటారు. నేను మిక్సర్ కాడ హెడ్‌ఫోన్ పెట్టుకొని ఆ మనిషి ఊపిరి వింటా. నాకు ముందు వినపడేది అదే.

ఒక కృష్ణుడి వేషగాడుండేవాడు మా వైపు. పేరొద్దులే, పెద్దాయన. రాయబారం సీన్లో పద్యం మధ్యలో ఒక్కసారి దుర్యోధనుడి వైపు మొహం తిప్పేవాడు, తిరస్కారంగా. జనం ఈలలు. ఏం చూపురా అది అనేవాళ్ళు. నాకొక్కడికే తెలుసు, ఆయన చూడ్డానికి తిరగలేదు, మైకుకి దూరంగా ఊపిరి పీల్చుకోడానికి తిరిగినాడు! అప్పటికి ఆయనకి అరవై దాటినాయి. దమ్ము చాలడంలేదు. చాలకపోవడాన్ని కూడా నటన చేసినాడు. అట్టాంటి మనుషులంటే నాకు పిచ్చి. నాకిష్టమైన ర్యాపర్లందరూ కూడా ఏదో ఒకరకంగా ఆ పనే చేస్తారు. అందుకే ఇష్టం.

ఇప్పుడు ఈ ర్యాప్ యాడ పుట్టింది? 1973 ఆగస్టు 11. తేదీతో సహా చెప్తారు. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేట, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నెంబరు బిల్డింగు, కింద ఉండే హాలు. సిండీ క్యాంప్‌బెల్ అనే పిల్ల, బడి తెరిచేముందు కొత్త బట్టలు కొనుక్కోడానికి డబ్బులు కావాలని ఆ హాల్లో డాన్స్ పార్టీ పెట్టింది. టికెట్టు ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు. పాటలెయ్యడానికి వాళ్ళన్న. ఆయన పేరు క్లైవ్ క్యాంప్‌బెల్, జనం పిలిచేది డీజే కూల్ హెర్క్ అని. జమైకాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినాడు. జమైకాలో వీధుల్లో పెద్దపెద్ద బాక్సులు పెట్టి పాటలేసే అలవాటుంది, దాన్ని సౌండ్ సిస్టం అంటారు. సౌండ్ సిస్టం అంటే ఏంది? మైక్‌సెట్టు! ఇది చదివినరోజు నేను అన్నం తినలేదబ్బా. ప్రపంచమంతా ఊగిపోయే ఈ సంగీతాన్ని మొదలుపెట్టింది ఒక మైక్‌సెట్టోడు. నాలాంటోడు. తన బాక్సులకి పేరు కూడా పెట్టుకున్నాడు, హెర్క్యులాయిడ్స్ అని. నా బాక్సులకి మా ఆవిడ పెట్టిన పేరుంది, అది ఇక్కడ చెప్పకూడదు.

హెర్క్ ఏం కనిపెట్టినాడు? డాన్సు చేసే పిలకాయలు పాటంతా ఊరికే నిలబడి, మధ్యలో పాటగాడు ఆగిపోయి డ్రమ్ములొక్కటే మోగే కాడ రెచ్చిపోతున్నారు. ఆ ముక్కేమో నాలుగైదు సెకన్లు, మహా అయితే పది. దాన్ని సాగదీయడం ఎట్టా? ఒకటే రికార్డు రెండు కొన్నాడు. రెండు ప్లేయర్ల మీద పెట్టినాడు. ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో అదే ముక్క, ఈలోపు మొదటిదాన్ని చేత్తో ఎనక్కి తిప్పి పెట్టుకోవడం. ఇంగ డ్రమ్ము ఆగదు. మీ ఊళ్ళో ఊరేగింపప్పుడు డప్పులోళ్ళని పందిరి ముందర ఆపి, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని నోట్లు కుట్టరా? అదే.

డ్రమ్ము మోగతా ఉంటే పైన ఎవరో ఒకరు మైకులో ఏదో ఒకటి అనాలి కదా. హెర్క్ పక్కన కోక్ లా రాక్ అని స్నేహితుడు. ఆయన చేసింది ఏంది? వచ్చిన స్నేహితుల పేర్లు మైకులో పిలవడం. ఫలానావాడొచ్చినాడు, ఫలానావాడి కారు అడ్డంగా ఉంది తీయండి, అట్టాంటివి. ఇది విని నాకు నవ్వొచ్చింది. పెళ్ళిలో చదివింపులు చదవడం ఎప్పుడన్నా విన్నారా? "పెళ్ళికూతురి మేనమామ గారూ, నూట పదహార్లూ!" ఆ "హార్లూ" దగ్గర ఒక సాగు. మళ్ళీ పేరు, మళ్ళీ సాగు. పొద్దున ఏడు నుంచి మధ్యాన్నం రెండు దాకా అదే తాళం. కోక్ లా రాక్ గారు మా పెళ్ళిళ్ళకి వచ్చుంటే చదివింపుల బల్ల కాడ కూర్చోబెట్టేవాణ్ణి.

ఇంకొకటి. వేసవికాలం వాళ్ళు పార్కుల్లో పెట్టేవాళ్ళు ఈ పార్టీలు. కరెంటు యాడిది? వీధి లైటు స్తంభం విప్పి తీసుకునేవాళ్ళు. కరెంటాఫీసోళ్ళు ఎవరన్నా ఉంటే ఈ ముక్క వినబాకండి, మేము మాత్రం ఎప్పుడూ కొండీ వేయలేదు.

నేను ఎట్టా పడినానో చెప్తా. 1994లో "ప్రేమికుడు" వచ్చింది, రెహమాన్ సంగీతం. దాంట్లో పేట ర్యాప్ అని ఉండాది కదా. ఆ క్యాసెట్టు మా కందుకూరులో ప్రతి పెళ్ళిలోనూ అడిగినారు. టేపు అరిగి కూత పెట్టేదాకా వేశా. అప్పుడు నాకు దాని పేరు తెలీదు. వేగంగా వాగడం అనుకున్నా. చానా ఏళ్ళు అదే అనుకున్నా. తర్వాత మావాడు, పెద్దోడు, చెన్నైలో చదవతా సెలవులకొచ్చి, "నాయనా, ఒకటి వినిపిస్తా, హెడ్‌ఫోన్ పెట్టుకో" అన్నాడు. ఇంగ్లీషు. నాకొక్క ముక్క అర్థం కాలా. అయితే వింటా వింటా ఉంటే ఒక సంగతి పట్టుకున్నా. ఈ మనిషి ఊపిరి యాడ తీసుకుంటన్నాడు? వెతుకుతున్నా. దొరకట్లా. వాక్యం అయిపోయిన కాడ పీల్చాలి కదా? అక్కడ పీల్చట్లా. వాక్యం మధ్యలో, ఎవరూ చూడని కాడ, మాటకీ మాటకీ సందులో పీల్చి, వాక్యం చివర్ని తీసుకెళ్ళి రెండో లైన్లో పడేస్తన్నాడు. మా కృష్ణుడు మొహం తిప్పినట్టే!

ఆయనే రకీమ్. 1987లో ఎరిక్ బీ అనే డీజేతో కలిసి చేసిన "పెయిడ్ ఇన్ ఫుల్" అది. రకీమ్ కంటే ముందు ర్యాపర్లు అరిచేవాళ్ళు. తప్పు కాదు, పార్కులో, జనంలో, చిన్న బాక్సుల్లో అరవక ఏం చేస్తారు? మన పాత నాటకాలోళ్ళూ మైకు లేనికాలంలో అరిచినోళ్ళే. రకీమ్ మైకు మైకులా వాడినాడు. గొంతెత్తడు. పక్కన కూర్చొని చెప్పినట్టు చెప్తాడు. ఇంకోటేందంటే చిన్నప్పుడు ఆయన శాక్సాఫోన్ వాయించేవాడు. జాన్ కోల్ట్రేన్ అనే జాజ్ శాక్సాఫోన్ విద్వాంసుడంటే ప్రాణం. ఊదే వాద్యం వాయించినోడికి ఊపిరి లెక్క తెలుస్తాది. నాదస్వరం వాయించేవాళ్ళని అడగండి. ఎంత గాలి ఉండాది, ఎంత మిగిలింది, మలుపు యాడ వస్తాది, అంతా లోపల లెక్కే.

ప్రాస సంగతి కూడా ఆయన దగ్గరే చెప్పుకోవాలి. ఇంగ్లీషోళ్ళకి ప్రాసంటే లైను చివర. మనకేమో రెండో అక్షరం కాడ. పద్యం చదివినోళ్ళు ఉండారుగా, ప్రాస రెండో అక్షరం, యతి లోపల. వాళ్ళకి ఆ నియమం లేదు, ఎక్కువగా చివరే. రకీమ్ ఏం చేసినాడంటే లైను లోపల కూడా ప్రాసలు పెట్టినాడు. మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. వినేవాడికి చివరి ప్రాస కోసం ఎదురుచూసే పని లేదు, దారి పొడుగునా తగలతా ఉంటాయి. మన యతి చేసే పనికి దగ్గరగా వచ్చినాడు మహానుభావుడు.

వేగం గురించి అడగతారు. ప్రశ్నల చీటీల్లో అప్పుడే రెండొచ్చినాయి, ఎమినెం గురించి చెప్పమని. చెప్తా. 2013లో "ర్యాప్ గాడ్" అని పాట. ఆరు నిమిషాల నాలుగు సెకన్లలో 1560 మాటలు. గిన్నిస్ బుక్కులో ఎక్కింది. సెకనుకి నాలుగు మాటల పైన! గొప్పే. నేను కాదనను. కానీ స్టూడియో సంగతి నాకు కొంచెం తెలుసు. స్టూడియోలో లైను లైనుగా ముక్కలు రికార్డు చేసి అతికించొచ్చు. ఆయన అతికించినాడని కాదు నేననేది. వేగం చూసి గొప్పోడని తేల్చొద్దంటన్నా, అంతే. బస్టాండులో కండక్టరు "సింగరాయకొండ ఒంగోలు ఒంగోలు ఒంగోలు" అనే వేగం తక్కువా?

ఎమినెంలో నాకు నచ్చింది వేగం కాదు. ఆరెంజ్ అనే మాటకి ఇంగ్లీషులో ప్రాస లేదంటారు. 2010లో టీవీ ఇంటర్వ్యూలో ఆయన, ఎందుకు లేదు, ఉన్నదున్నట్టు పలికితే లేదు, పలికే తీరు వంచితే ఉంది అని, డోర్ హింజ్, స్టోరేజ్, పోరిడ్జ్, జార్జ్, అట్టా వరసగా పేర్చి చూపించినాడు. అంటే మాట ఆయనకి రాయి కాదు, మెత్తటి బంకమట్టి. మన అవధానంలో దత్తపది ఇస్తారు చూడండి. సంబంధం లేని నాలుగు మాటలు, ఆరెంజ్ లాంటివే, ఇచ్చి వీటితో భారతార్థంలో పద్యం చెప్పు అంటారు. అవధాని ఆ మాటని విరగ్గొట్టి, సగం ముందు మాటలో, సగం తర్వాత మాటలో కలిపేసి ఇరికిస్తాడు. సభ చప్పట్లు. అదే విద్య.

ఇక్కడ నా కోపం ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నిద్ర పట్టదు. మైకు పైన జాలీ ఉండాది కదా, ఈ గుండు. దీన్ని ఇట్టా పిడికిలితో మూసి పట్టుకుంటారు ర్యాపర్లు. వినండి ఇప్పుడు. విన్నారా? గొంతు బిందెలో మాట్లాడినట్టయింది. ఇంకొంచెం మూస్తే కూస్తుంది. ముందు నుంచి వచ్చే గొంతుని తీసుకొని ఎనక నుంచి వచ్చే చప్పుడు వదిలెయ్యడానికి దీన్ని తయారుచేసినారు, ఎనక గాలి పోయే దారి మూసేస్తే ఇది అన్ని వైపులా వింటాది. బాక్సులో సౌండు మళ్ళీ మైకులోకి పోతాది. ఇంగ కూతే. స్టైలంట! అంత పెద్ద కళ, ఈ చిన్న సంగతి మాత్రం యాభై ఏళ్ళయినా నేర్చుకోరు. అయ్యా, గుండు కింద ఉండే కాడ పట్టుకోండి. కాడ.

సరే, దమ్ము కాడికి వద్దాం. ఊపిరి చాలకపోతే ఇంకో ఉపాయముంది. బుర్రకథ చూసినోళ్ళు చేతులెత్తండి. పెద్దోళ్ళందరూ ఎత్తినారు, బాగుంది. కథకుడు మధ్యలో, రెండు పక్కలా ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. కథకుడు చరణం చివరికి వచ్చేసరికి వంతలు అందుకొని "తందాన తాన" అంటారు. ఎందుకంటారు? తాళానికి, ఊపుకి, అంతా నిజమే. ఇంకో కారణం నేను చెప్తా. ఆ రెండు క్షణాల్లో కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు! షేక్ నాజర్ గారి రికార్డింగు దొరికితే వినండి, 1986లో పద్మశ్రీ ఇచ్చినారు ఆయనకి, గుంటూరు వైపు మనిషి. ఆయన కథ ఎంత ఉరుకులు పెట్టినా ఎప్పుడూ ఆయాసపడినట్టుండదు. వంతలు ఆయన ఊపిరితిత్తులు.

ర్యాప్‌లో ఈ వంతని హైప్ మ్యాన్ అంటారు. స్టేజీ మీద పక్కన నిలబడి, ర్యాపర్ లైను చివరి రెండు మాటలు తాను గట్టిగా అందుకుంటాడు. జనం అది సందడి అనుకుంటారు. ఈలోపు అసలు మనిషి గాలి పీల్చుకున్నాడు. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారు? ఎవరూ ఎవర్నీ చూడలా. ఊపిరి అందరికీ ఒకటే కదా, ఉపాయమూ ఒకటే పుట్టింది.

బిగ్గీ అని ఒకాయన. నొటోరియస్ బిగ్. బ్రూక్లిన్ మనిషి. 1997లో చంపేసినారు, ఇరవై నాలుగేళ్ళు. భారీ మనిషి. ఆయన ఊపిరి దాయడు. మీరు మంచి హెడ్‌ఫోన్లో వింటే ఆ పీల్చడం వినపడతాది, అది కూడా తాళంలోనే ఉండాది. ఆయన తొందరపడడు. డ్రమ్ము పడినాక ఒక వెంట్రుకవాసి ఆగి మాట వేస్తాడు, భోజనం చేసి వీధి అరుగు మీద కూర్చున్నట్టు. కాగితం మీద రాసుకోకుండా తలలోనే కట్టుకొని వచ్చి చెప్పేవాడంటారు. అట్టా చెప్తే మాట కంటికి కాకుండా నోటికి పుడతాది. అమ్మా, మీ అమ్మమ్మలు దంపుడు పాటలు కాగితం చూసి పాడినారా?

ఆడవాళ్ళు లేరా అని అడగబోతారు. ఉండారు, ఒక్క సంగతి చెప్తా. 1984. రాక్సాన్ షాంటే, పద్నాలుగేళ్ళ పిల్ల, న్యూయార్క్‌లో క్వీన్స్‌బ్రిడ్జ్ అనే గవర్నమెంటు ఇళ్ళ సముదాయం. బట్టలు ఉతికే కాడికి పోతా ఉంటే దారిలో మార్లీ మార్ల్ అనే డీజే పిలిచినాడు. మగపిల్లల గుంపు ఒకటి, తమని లెక్కచేయని రాక్సాన్ అనే పిల్ల గురించి పాట కట్టుంది అప్పటికి. దానికి జవాబు చెప్పమన్నారు. ఈ పిల్ల నిలబడి, ఒక్కటే టేకులో, అప్పటికప్పుడు చెప్పేసి బట్టలు ఉతుక్కోడానికి పోయింది. ఆ పాటకి మళ్ళీ జవాబులు, జవాబులకి జవాబులు, పదులకొద్దీ రికార్డులొచ్చినాయి. కొళాయి కాడ మాట పడితే వీధి చివరిదాకా వినపడేట్టు తిప్పి కొట్టే ఆడపిల్లలు మన ఊళ్ళలో లేరా? వాళ్ళకి మైకు ఎవరిచ్చినారు? నేనైతే ఇవ్వలా. అది నా తప్పే.

లారిన్ హిల్ కూడా గొప్పమనిషి. 1998లో ఆమె ఒంటరిగా చేసిన ఆల్బమ్ 1999లో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ తెచ్చుకుంది, హిప్‌హాప్‌కి, అంటే ఈ ర్యాప్ సంగీతానికి, అది మొదటిసారి. పాటా పాడతాది, ర్యాపూ చెప్తాది, దేన్నుంచి దేన్లోకి పోయిందో అతుకు కనపడదు. కెండ్రిక్ లామార్‌కి 2018లో పులిట్జర్ ప్రైజ్ ఇచ్చినారు సంగీతానికి. అంతకుముందు ఆ ప్రైజు శాస్త్రీయ సంగీతానికి, జాజ్‌కి తప్ప ఇవ్వలా. ఆయన గొంతులు మారుస్తాడు. ఒక పాటలో ముసలాయన, ఒక పాటలో చిన్నపిల్లోడు, ఒక పాటలో తనలోపలి మనిషి. తోలుబొమ్మలాటలో తెర ఎనకాల ఒకాయనే రావణాసురుడికీ జుట్టుపోలిగాడికీ గొంతివ్వడం చూశారుగా. అట్టా.

ఎవరో గొణుగుతున్నారు అక్కడ. బూతులా? బూతులుండాయి సార్. లేవని నేను అబద్ధం చెప్పను. డబ్బు గొప్ప, తుపాకి గొప్ప, ఆడవాళ్ళని చిన్నచూపు, అవన్నీ ఉండాయి, వాటిల్లో చానా వరకు నాకూ నచ్చవు. పెళ్ళిలో వెయ్యమంటే వెయ్యను. కానీ బూతుందని కళే కాదంటే మన కవి చౌడప్పని ఏం చేద్దాం? సభలో మెప్పు పొందాలంటే నీతులూ ఉండాలి, బూతులూ ఉండాలి, శృంగారమూ ఉండాలి అని పద్యంలోనే చెప్పినాడు ఆయన. ఇంగ గొప్పలు చెప్పుకోవడం అంటారా? తిరుపతి వేంకట కవులు మీసాలు ఎందుకు పెంచినామో పద్యం చెప్పినారు. మమ్మల్ని గెలిచినోడుంటే చెప్పండి, ఈ మీసాలు తీసేసి మొక్కుతాం అన్నారు. అది బ్యాటిల్ ర్యాప్, అంటే ఒకరికొకరు సవాలు విసురుకునే ర్యాప్, కాకపోతే ఏంది?

మన దేశం కాడికి వస్తా, టైము చూపిస్తన్నారు. ముంబైలో కుర్లా కుర్రోడు నేజీ. 2014లో ఐప్యాడ్ మీద రికార్డు చేసి, ఐప్యాడ్ మీదనే వీడియో తీసి వదిలినాడు. నా మిక్సరు, బాక్సులు, యాంప్లిఫయర్లు అన్నీ ఒక పలకలో పెట్టుకున్నాడు వాడు. వృత్తి పోతుందిరా అని కొంచెం భయం కూడా వేసింది నాకు. తర్వాత డివైన్ అనే ఇంకో ముంబై ర్యాపర్‌తో కలిసి పాడినాడు, వాళ్ళ కథల స్ఫూర్తితో 2019లో సినిమా కూడా వచ్చింది.

తమిళంలో అరివు. 2021లో ఎంజాయ్ ఎంజామీ. పెళ్ళిళ్ళలో ఎగిరే పాట అది, నేనే వందసార్లు వేసుంటా. మావాడు అర్థం చెప్పిన రోజు నుంచి వేసేముందు ఒక్క క్షణం ఆగతా. అరివు వాళ్ళ అవ్వ శ్రీలంక టీ తోటల్లో కూలి చేసి, తిరిగి తమిళనాడుకి వచ్చింది. తోట పెంచినోళ్ళకి భూమి లేదు. అది ఆ పాట. శవం కాడ శోకాలు పెట్టి ఏడ్చే ఒప్పారి బాణీ దాంట్లో ఉండాది. కర్మంతరాలకి మైకు పెట్టినోణ్ణి, ఆ ఏడుపులో తాళం నాకు తెలుసు. ఏడ్చేవాళ్ళకి కూడా ఊపిరి కావాలి, అది ఎక్కిలాగా వస్తాది, ఆ ఎక్కే తాళం.

ఇంగ హనుమాన్‌కైండ్. కేరళలో పుట్టి అమెరికాలో హ్యూస్టన్‌లో పెరిగినాడు. 2024లో "బిగ్ డాగ్స్" వీడియో ప్రపంచమంతా చూసినారు. అది యాడ తీసినారు? మృత్యుబావిలో! చెక్కల గోడలు, గుండ్రంగా బావి, గోడ మీద బైకులు, కార్లు తిరగతా ఉంటే మధ్యలో నిలబడి చెప్తాడు. అది చూసి నేను కుర్చీలోంచి లేచా. ఎందుకంటే ఎగ్జిబిషన్లలో మృత్యుబావి కాడ మైకు పెట్టినా నేను, మూడు సీజన్లు. సైలెన్సర్ పీకేసిన బైకు గోడ మీద మనవైపు వచ్చేటప్పుడు చప్పుడు పెరిగి చెవులు పగలతాయి, అవతలికి పోయేటప్పుడు తగ్గతాది. అక్కడ పిలిచే మనిషి ఏం చేస్తాడో తెలుసా? బైకు అవతలికి పోయిన ఆ సందులోనే మాట వేస్తాడు. "రండి బాబూ" చప్పుడు... "చూడండి అమ్మా" చప్పుడు... "చావుతో ఆట" చప్పుడు. ఎవరూ నేర్పలా. రెండు రోజుల్లో నోరే నేర్చుకుంటాది. హనుమాన్‌కైండ్ ఆ బావిలో నిలబడినప్పుడు నాకు కొత్తగా ఏం కనపడలా, మా ఎగ్జిబిషన్ మనిషే కనపడినాడు. ఇంగ్లీషులో.

చివరాఖరికి, తెలుగులో ఎందుకు కష్టం? నోయెల్ ఉండాడు, రోల్ రైడా ఉండాడు, తెలుగోళ్ళ అమ్మాయి రాజకుమారి అమెరికాలో పుట్టి కూచిపూడి నేర్చుకొని ర్యాప్ చెప్తా ఉంది. చేస్తానే ఉండారు. అయినా కష్టమే. ఎందుకంటే మన భాషలో క్రియ చివర వస్తాది. చూడండి. "పొద్దున్నే లేచినాను, పళ్ళు తోమినాను, కాఫీ తాగినాను, రోడ్డెక్కినాను." అన్నీ ప్రాసే! నాను నాను నాను నాను. కష్టపడకుండా వచ్చిన ప్రాస, ఇది కవిత్వమా? ఇది రాత్రి మా ఆవిడకి నేనప్పజెప్పే లెక్క. చానామంది కుర్రోళ్ళు ఇక్కడే బోల్తా కొడతారు, ఇంగ్లీషోడి మాదిరి చివర ప్రాస పెట్టబోయి. మనకి చివర ఊరికే దొరుకుద్ది, ఊరికే దొరికినదానికి విలువుండదు.

మరి ఏం చెయ్యాలి? మా కాడ బాక్సులు మోసే పిలకాయ ఒకడుండాడు. ఇంటర్ ఫెయిలు. వ్యాన్‌లో ఎనకాల కూర్చొని బాక్సు మీద దరువేస్తా ఏందో గొణగతా ఉంటాడు. ఒకరోజు సింగరాయకొండ నుంచి వస్తా ఉంటే గట్టిగా అనరా అన్నా. అన్నాడు:

"కరెంటు పోయిందిరా కందుకూరు సెంటరులో,
రెంటు కట్టలేనోడి రేడియో రిపేరులో."

నేను వ్యాన్ పక్కకి తీయించా. క్రియ యాడుంది చూడండి. "పోయింది" మొదటి లైను మధ్యలో ఉండాది, చివరకి రానీలా. రెండో లైన్లో క్రియే లేదు. కరెంటు, సెంటరు, రెంటు, లోపలంతా ఒకటే మోత. క కి క, ర కి ర, అది యతేనో కాదో పండితులు మీరు చెప్పండి, నా చెవికి మాత్రం పట్టింది. ఎవరు నేర్పినారురా అంటే, ఎవరూ నేర్పలా అన్నా, నాటకాలకి స్తంభాలకి వైర్లు కట్టేటప్పుడు పద్యాలు వినపడతాయి కదా అన్నాడు. రాయబారం వంద రాత్రులు వినుంటాడు వాడు, నిద్రలో కొన్ని, మెలకువలో కొన్ని.

ఇంకో మాట. "రేడియో రిపేరులో" అన్నాక ఏమైంది అని అడిగినా. ఏమీ కాలా, అక్కడ ఊపిరి పీల్చుకోవాలన్నా అన్నాడు.

వాడొచ్చినాడు ఇక్కడికి. అదో, ఆ స్తంభం కాడ, వైరు చుట్టేటట్టు నటిస్తా ఉండాడు. రారా. వీళ్ళంతా మనోళ్ళే, సిగ్గుపడబాక. సార్, నా టైములో ఇంకా పది నిమిషాలుండాయి కదా, అవి వీడికిస్తన్నా. నేను పోయి మిక్సర్ కాడ కూర్చుంటా. ఎకో తీసేస్తా, గొంతు ఉన్నదున్నట్టు వినపడాలి.

ఒరే, కాడ పట్టుకో. గుండు కాదు, కాడ.